రంగు తప్పిన తలకు రెండో పాకెట్టు మందు కాదు

మన ఇళ్ళల్లో నికాహ్ తారీఖు ఖాయం కాగానే మొదలయ్యే పనులు అందరికీ తెలిసినవే. జోడాలు కొనాలి, దావత్‌కు బియ్యం, మాంసం మాట్లాడుకోవాలి, దూరపు చుట్టాలకు రుఖాలు పంపాలి. ఈ హడావుడి ముగిసి చివరి వారం వచ్చేసరికి ఇంటి పెద్దవాళ్ళకు అద్దంలో తమ తల కనిపిస్తుంది. పాపిట పొడవునా తెల్లగీత. చిల్లరకొట్టులో తోరణంలా వేలాడే పాకెట్లలో ఒకటి తెంపుకొస్తారు. 20 రూపాయలు పెడితే చాలు. కలిపి, పూసి, అరగంట ఆగి కడుక్కుంటే పదేళ్ళు తగ్గినట్టే. చాలాసార్లు అలాగే జరుగుతుంది కూడా. అలా జరగనప్పుడు ఏం చేయాలో మాత్రం అమ్మినవాడూ చెప్పడు, కొన్నవారూ అడగరు.

దాని గురించే ఈ వారం నాలుగు మాటలు. ఇంత చిన్న విషయానికి ఇంత చోటా అని కొందరు పాఠకులు అనుకోవచ్చు. మేమూ అలాగే అనుకునేవాళ్ళం, మా ఇంట్లో జరిగేదాకా.

మాది ఆమడగూరు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడదీసినప్పుడు అనంతపురం జిల్లా నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చిన మండలం. వేరుసెనగ పండితే పండినట్టు, లేకపోతే బెంగళూరు బస్సెక్కినట్టు బతికే ఊళ్ళు మావి. వందలు పోసి పార్లరులో రంగు వేయించుకునే అలవాటు మాలో తక్కువ. తలకు రంగంటే ఇంట్లోనే, బకెట్టు పక్కన పీట వేసుకుని, పాత రవికె భుజాల మీద కప్పుకుని చేసుకునే పని.

మా ఆపాకు నలభై ఏడేళ్ళు. ఏళ్ళ తరబడి పెరట్లోని గోరింటాకే నూరి తలకు పెట్టుకునే మనిషి. తల ఇటుకరంగులో ఉండేది, ఎవరూ ఏమీ అనేవారు కాదు. హిందూపురంలో తోడికోడలి కూతురి పెళ్ళి వచ్చింది. "అందరూ నల్లటి తలలతో వస్తారు, నేనొక్కదాన్నే ఎర్రతలతో కూర్చోవాలా" అని ఆదివారం నాడు నల్ల మెహందీ అని రాసి ఉన్న పాకెట్టు తెప్పించుకుంది. మిగిలిపోయిన గోరింటాకు ముద్దలో దాన్ని కలిపింది. ఎక్కువసేపు ఉంటే ఎక్కువ పడుతుందనుకుని రెండు గంటలు ఉంచుకుంది. కడిగి చూసుకుంటే కణతల దగ్గర బొగ్గు నలుపు, నడినెత్తిన పాత ఇటుకరంగు, మెడ వెనక మరో రంగు. నుదుటి మీద, చెవుల మీద టోపీ అంచులాగా నల్లమరక. వెంట్రుక పట్టుకుంటే కొబ్బరి పీచు.

పక్కింటి వదిన వచ్చి చూసి, "ఏం కాదు లేక్కా, ఇంకో పాకెట్టు పూయి, అంతా ఒకటే అయిపోతాది" అంది. ప్రేమతోనే అంది. సోమవారం రెండో పాకెట్టు పడింది. మంగళవారం రాత్రి మాడంతా దురద. బుధవారం తెల్లవారేసరికి కనురెప్పలు ఉబ్బి కళ్ళు తెరవలేకపోయింది. కదిరిలో చర్మవైద్యుని దగ్గరికి తీసుకెళ్ళాం. ఫీజు, మాత్రలు, పూతమందు, రానూపోనూ ఛార్జీలు కలిపి వెయ్యి దాటాయి. శుక్రవారం పెళ్ళికి వెళ్ళింది, దుపట్టా కనుబొమల దాకా లాక్కుని. ఆ పెళ్ళి ఫొటోల్లో మా ఆపా ఎక్కడా లేదు.

జరిగినదాన్ని మళ్ళీ మళ్ళీ తలచుకుంటే మాకు ఒక్క సంగతే తేలింది. మొదటి పాకెట్టు చేసింది నష్టమే, కానీ అది ఓర్చుకోగలిగిన నష్టం. తల రంగురంగులుగా ఉండేది, అంతే. మనిషిని మంచాన పడేసింది రెండోది. తప్పు సరిదిద్దాలన్న తొందరే అసలు తప్పయింది. ఇలాంటి కథ చెబితే ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒకరు "మా వాళ్ళకూ ఇంతే అయింది" అంటున్నారు.

ధర్మవరంలో మాకు ఒక చిచ్చా ఉన్నారు, పట్టునూలుకు అద్దకం వేసే పని. ఆయనకు ఈ సంగతి చెబితే ముందు నవ్వారు, తర్వాత ఒక మాట చెప్పారు. లేతరంగు నూలు ఎక్కడైనా మచ్చపడితే దాన్ని ముదురురంగులోకి దించుతారట, అదీ కుదరకపోతే నలుపులోకి. నలుపు దాకా వెళ్ళిందంటే ఇక వెనక్కి దారి లేదు. "పట్టు కాబట్టి మళ్ళీ మళ్ళీ ముంచుతాం బేటా. దానికి మంట తెలీదు. మీ ఆపా తల కింద మనిషి ఉంది కదా" అన్నారు.

ఆయన పోలిక ఉత్త మాట కాదు. పట్టూ, వెంట్రుకా రెండూ మాంసకృత్తుల పోగులే. పత్తి అలా కాదు. పచ్చి పట్టును సబ్బు, సోడా వేసి ఉడకబెట్టి జిగురు తీస్తారు. ఆ సోడా ఒక పాలు ఎక్కువైతే పట్టు మెరుపు పోతుందని అద్దకం వారందరికీ తెలుసు. మరి రంగు తప్పిన తలను చాకలి సోడాతో కడగమనీ, బట్టల సబ్బుతో రుద్దమనీ, బ్లీచింగ్ పౌడరు చిటికెడు వేయమనీ మన వీధుల్లో ఎంత తేలిగ్గా సలహా ఇస్తారు! కిరోసిన్ పేరు చెప్పినవారు కూడా ఉన్నారు. వీటిలో ఏ ఒక్కటీ తలకు తగదు. నలుపు పోదు, వెంట్రుక మాత్రం పోతుంది, మాడు పుండవుతుంది.

ఇక ఆ పాకెట్టులో ఏముంది? పచ్చి గోరింటాకులో ఉండే ఎరుపు లాసోన్ అనే పదార్థం వల్ల వస్తుంది. అది వెంట్రుకకు పట్టుకుని దాని మీద ఎర్రటి ఛాయ ఇస్తుంది. అరచేతికి పెట్టినా, తలకు పెట్టినా గోరింటాకు ఇచ్చేది ఎరుపే. అది ఎన్నటికీ నలుపు ఇవ్వదు. కాబట్టి మెహందీ అని పేరు పెట్టుకుని అరగంటలో నలుపు ఇచ్చే పొడిలో గోరింటాకు కాక మరొకటి ఉందని ఎవరూ చెప్పకుండానే తెలుసుకోవచ్చు. ఆ మరొకటి చాలా వరకు పారా-ఫినిలీన్ డయామిన్, పొట్టిగా పి.పి.డి. పారిస్‌లో యూజీన్ ష్యూలర్ అనే రసాయనవేత్త 1907లో తయారుచేసిన తలరంగు నాటి నుంచి, ఇవాళ్టి పాకెట్టు దాకా శాశ్వతపు నలుపుకు ఈ జాతి రసాయనాలే ఆధారం. అది వెంట్రుక లోపలికి దూరి, అక్కడ గాలితోనూ పెరాక్సైడుతోనూ కలిసి పెద్ద రంగు అణువుగా మారి, బయటికి రాలేక అక్కడే ఉండిపోతుంది. అందుకే కడిగితే పోదు. సరిగ్గా అందుకే, మచ్చలుగా పడ్డ నలుపు మీద మళ్ళీ నలుపు పూస్తే నల్లగా ఉన్నచోట మరింత నలుపవుతుంది, మాడుకు మరో మోతాదు రసాయనం చేరుతుంది.

కొందరి ఒంటికి ఈ పి.పి.డి. అసలు పడదు. అమెరికాలోని చర్మవైద్యుల సంఘం ఒకటి 2006లో దీన్ని ఆ ఏటి ప్రధాన అలెర్జీ కారకంగా ప్రకటించింది. చిక్కేమిటంటే మొదటిసారి వేసుకున్నప్పుడు ఏమీ కాకపోవచ్చు, పదోసారి కావచ్చు. అదీ వేసుకున్న గంటలో కాదు, ఒకటి రెండు రోజుల తర్వాత. ఆదివారం పూసుకుని సోమవారం "నాకు ఏమీ కాలేదు" అని రెండో పాకెట్టు తెరిచినవారికి మొదటిది ఏం చేయబోతోందో ఇంకా తెలియదన్నమాట. ఒక్కసారి ఒళ్ళు దానికి ఎదురు తిరిగిందా, ఇక జన్మంతా పడదు.

అయితే తప్పిన తలతో ఏం చేయాలి? చేతిలో డబ్బు లేకపోయినా చేయగలిగినవి ఉన్నాయి. మేము వైద్యులం కాము, పార్లరువాళ్ళమూ కాము. తెలిసినవారిని అడిగి, ఇంట్లో చేసి చూసినవి రాస్తున్నాం.

అన్నిటికంటే ముందు మాడు సంగతి చూసుకోవాలి. మంట, దురద, ఎరుపు, బొబ్బలు, కనురెప్పల వాపు, వీటిలో ఏది ఉన్నా రంగు విషయం మరిచిపోవాలి. గోరువెచ్చని నీళ్ళతో, తేలికపాటి షాంపూతో కడిగేసి దగ్గరలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్ళాలి. పెదవులు, నాలుక వాచినా, ఊపిరి ఆడకపోయినా 108కి ఫోన్ చేయాలి. నూనె రాసి చూద్దాం, తెల్లవారనిద్దాం అనుకోకూడదు. పాకెట్టు పారేయకుండా వెంట తీసుకెళ్ళండి, వైద్యుడు చూస్తాడు.

మాడు బాగుంటే అసలు తొందరే లేదు. నుదుటి మీద, చెవుల మీద పడ్డ మరకకు మన ఊళ్ళో పుష్కలంగా దొరికే వేరుసెనగ నూనె చాలు, కొబ్బరి నూనె అయినా సరే. దూదితో అద్ది పది నిమిషాలు ఉంచి మెత్తటి గుడ్డతో తుడిచి సబ్బుతో కడగాలి. కొంచెం పోతుంది. మిగిలింది రెండు మూడు రోజుల్లో చర్మం పైపొరతో పాటు దానంతటదే పోతుంది. ఇటుకరాయితో రుద్దకండి, గోళ్ళరంగు తుడిచే మందు ముఖానికి రాయకండి.

మరీ నల్లగా పడితే మొదటి వారం తలస్నానాలు పెంచాలి. కొట్లో రెండు రూపాయలకు దొరికే షాంపూ, అందులోనూ చుండ్రుకు వాడే షాంపూ, పైపైన ఉన్న రంగును కొంత లాగుతుంది. బొగ్గు నలుపు కాస్తా మామూలు నలుపులోకి వస్తుంది. అంతకు మించి ఆశ పెట్టుకోవద్దు. మిగిలిన పని కాలమే చేయాలి. వెంట్రుక నెలకు సుమారు ఒక సెంటీమీటరు, కొద్దిగా ఎక్కువగా పెరుగుతుంది. కాబట్టి మూడు నాలుగు నెలల్లో కుదుళ్ళ దగ్గర రెండు వేళ్ళ వెడల్పున అసలు రంగు వస్తుంది. అప్పుడప్పుడు కొసలు కత్తిరించుకుంటూ పోతే తప్పిన రంగు కిందికి దిగిపోతుంది. మగవారికైతే రెండు క్రాఫులతో కథ ముగుస్తుంది. ఆడవారికే ఓపిక కావాలి.

మచ్చలుగా పడినవారికి ఒక సులువు ఉంది. దువ్వెనకు ఊడి వచ్చిన వెంట్రుకలు పారేయకుండా ఒక చిన్న చుట్ట చుట్టి దాచుకోవాలి. ఏ రంగు వేయదలచినా ముందు ఆ చుట్టకు వేసి, కడిగి, ఎండలో కాదు నీడలో ఆరబెట్టి చూడాలి. పైసా ఖర్చు లేదు. పెట్టెలమీది బొమ్మ చూసి కొనేకంటే ఈ చుట్ట చెప్పే మాట నమ్మకమైనది. రంగు సరిపోయిందా, పీచుగా అయిందా, ముట్టుకుంటే తెగిపోతోందా, అన్నీ అక్కడే తెలుస్తాయి. ముఖ్యంగా పేరు తెలియని నల్ల పొడులు వాడినవారు ఆ మీదట పెరాక్సైడు ఉన్న పార్లరు రంగు వేయించుకోబోయే ముందు ఈ పని తప్పక చేయాలి. కొన్ని పొడుల్లో లోహాల లవణాలు ఉంటాయి. అవి పెరాక్సైడుతో కలిస్తే వేడెక్కి వెంట్రుకే కాలినట్టు తెగుతుంది. పార్లరు అమ్మాయికి "ఇంతకు ముందు ఏమీ వేయలేదు" అని అబద్ధం చెప్పవద్దు. సిగ్గుపడి అలా చెప్పినవారు ఎక్కువ నష్టపోతారు.

మచ్చల్ని కలపాల్సిందే అనుకుంటే, ఎక్కడా దురద లేనివారు మాత్రమే, కనీసం రెండు వారాలు ఆగి, లేతగా ఉన్నచోట మాత్రమే పూయాలి. మొత్తం తలకు కాదు. చేతికి తొడుగు వేసుకోవాలి, అది పాకెట్టులోనే ఉంటుంది, మనవాళ్ళే పారేస్తారు.

నీలి ఆకు పొడి వాడేవారికి వేరే చిక్కు వస్తుంది. తెల్లవెంట్రుక మీద ముందు గోరింటాకు పెట్టకుండా నేరుగా నీలి పొడి పెడితే తల పచ్చగానో నీలంగానో తేలుతుంది. చూసి గాభరా పడనక్కరలేదు. నీలి రంగు గాలి తగిలి ఒకటి రెండు రోజుల్లో ముదురుతుంది. అప్పటికీ పచ్చదనం పోకపోతే దాని మీద ఒకసారి గోరింటాకు పెట్టండి. ఎరుపు తోడై పచ్చదనం విరిగి గోధుమరంగులోకి వస్తుంది. గోరింటాకు మీద నీలి ఆకు పెడితే ముదురు గోధుమ నుంచి నలుపుకు దగ్గరి రంగు వస్తుంది. మన పెద్దల కాలం నాటి పద్ధతి ఇదే. శ్రమ ఎక్కువ, రెండు దఫాలుగా కూర్చోవాలి. కొనేటప్పుడు పెట్టె మీద ఆకు పేరు తప్ప మరో పేరు లేకుండా చూసుకోవాలి.

పీచుగా మారిన జుట్టుకు కొబ్బరినూనె మేలు. ముంబయిలోని ఒక నూనె కంపెనీ పరిశోధకులు 2003లో ప్రచురించిన పరిశీలనలో కొబ్బరినూనె వెంట్రుకలోకి ఇంకి, కడిగినప్పుడు మాంసకృత్తు పోకుండా కాస్త అడ్డుపడుతుందని తేలింది. పొద్దుతిరుగుడు నూనెకూ, ఖనిజ నూనెకూ ఆ గుణం కనిపించలేదు. నూనె అమ్మేవారు నూనెను మెచ్చుకున్నారనుకోండి, అయినా మా నానీ ఏ పరిశోధనా లేకుండా చెప్పింది అదే. తలస్నానానికి ముందు రాత్రి రాసుకోవాలి. మెంతులు నానబెట్టి నూరిన ముద్ద కూడా మెత్తదనం ఇస్తుంది.

మా ప్రాంతంలో ఇంకో శత్రువు ఉంది, నీళ్ళు. వందల అడుగుల లోతు నుంచి వచ్చే బోరునీళ్ళు, సబ్బు నురగ రాదు, పప్పు ఉడకదు. ఆ ఉప్పునీళ్ళతో ఎంత కడిగినా తల మీద పొర కట్టినట్టే ఉంటుంది. చివరి రెండు చెంబులు మాత్రం డబ్బా నీళ్ళతో, వాన కురిసిన రోజైతే పట్టిన వాననీళ్ళతో పోసుకోండి. మాడు పుండు లేకపోతే చివరి చెంబులో నాలుగు చుక్కలు నిమ్మరసం వేయవచ్చు. ఈ ఒక్క మార్పుతో మా ఆపా జుట్టు చిక్కు విడిచింది.

ఈ విషయంలో మన పాఠకులు తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. రంగు వేసుకున్న తలతో వుజూ, గుసుల్ నెరవేరుతాయా అని. గోరింటాకు గానీ, ఈ రంగులు గానీ కడిగిన తర్వాత మిగిల్చేది రంగే, నీళ్ళకు అడ్డుపడే పొర కాదు. కాబట్టి ఇబ్బంది లేదని ఉలమాలు చెబుతారు. ముద్ద ఎండి తల మీద అంటుకుని ఉన్నంతసేపూ మాత్రం అది పొరే, దాన్ని కడిగి తీయాలి.

అసలు రంగు వేయడం గురించి ధర్మం ఏమంటుందో కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే మా ఆపా భయమంతా ఎర్రతల గురించే కదా. హిజ్రీ 8వ ఏట, అంటే క్రీ.శ. 630లో, మక్కా విజయం నాడు హజ్రత్ అబూబకర్ (రజి) తమ వృద్ధ తండ్రి అబూ ఖుహాఫాను దైవప్రవక్త (స) సన్నిధికి తీసుకొచ్చారు. ఆయన తల, గడ్డం తెల్లపూల మొక్కలా మెరిసిపోతున్నాయి. ఆ తెలుపును మార్చమనీ, నలుపును మాత్రం వదిలేయమనీ ప్రవక్త (స) చెప్పినట్టు సహీహ్ ముస్లింలో ఉంది. నెరుపును మార్చడానికి గోరింటాకు, కతమ్ శ్రేష్ఠమైనవన్న భావం గల హదీసు అబూ దావూద్, తిర్మిజీ గ్రంథాల్లో ఉంది. హజ్రత్ అబూబకర్ (రజి) ఆ రెండూ కలిపి, హజ్రత్ ఉమర్ (రజి) ఉత్త గోరింటాకు వాడేవారని హజ్రత్ అనస్ (రజి) తెలియజేశారు. నలుపు విషయంలో ఫుఖహాల మధ్య భేదాభిప్రాయం ఉంది. కొందరు పూర్తిగా వద్దన్నారు, కొందరు అయిష్టమన్నారు, కొందరు సడలింపు ఇచ్చారు. ఆ తీర్పు చెప్పే అర్హత మాకు లేదు, మీ మస్జిద్ ఇమాం సాహెబును అడగండి. మేము అడిగేది వేరు. మొదటి ఖలీఫా, రెండో ఖలీఫా ఎర్రబారిన తలలతో జనం మధ్య తిరిగారు. అదే ఎరుపుతో పెళ్ళిపందిట్లో కూర్చోవడానికి మన ఇళ్ళ ఆడవాళ్ళు ఎందుకు సిగ్గుపడాల్సి వస్తోంది? వారికి ఆ సిగ్గు ఎవరు నేర్పారు? చుట్టాల్లో "ఏం అక్కా, ముసలిదానివైపోయావే" అని పలకరించే నోళ్ళు మనవే కదా. ఆ మాట అన్నవారిలో మేమూ ఉన్నాం.

మగవారి సంగతి కూడా తక్కువ కాదు. రెండో సంబంధానికో, ఆలస్యమైన పెళ్ళికో చూపులకు వెళ్ళే ముందు గడ్డానికీ మీసానికీ నలుపు పట్టించి వయసు దాచడం జరుగుతూనే ఉంది. అది అవతలి ఇంటివారిని మోసగించడమే, ఇందులో భేదాభిప్రాయాలకు తావు లేదు. పైగా ముఖం చర్మం మాడు కంటే సున్నితం. కటింగు షాపులో ఒకే గిన్నెలో కలిపిన రంగు నలుగురి గడ్డాలకు పూస్తుంటే చూశాం. దురద పుట్టినవారు గడ్డమే తీసేయవలసి వచ్చింది.

పెద్దల తలల కంటే మాకు ఎక్కువ బెంగ కలిగించేది పిల్లల చేతులు. రంజాన్ చివరి రోజుల్లో, పెళ్ళిళ్ళలో నల్ల మెహందీ కోన్‌లు అమ్ముతారు. త్వరగా పండుతుంది, నల్లగా పండుతుంది అంటారు. అలా నల్లగా పండేదానిలో కలిసేది చాలాసార్లు ఆ తలరంగు రసాయనమే. చేతి మీద బొబ్బలు ఒక వారంలో మానిపోవచ్చు. కానీ పదేళ్ళ పిల్ల ఒంటికి అప్పుడే ఆ పగ మొదలైతే, ముప్పై ఏళ్ళ తర్వాత తలకు రంగు వేసుకున్న రోజున ముఖమంతా వాచిపోతుంది, ఎందుకో ఆమెకు తెలియదు. సూడాన్‌లోని ఖార్టూమ్ వైద్యులు 1980లలోనే ఈ రసాయనం విషప్రభావం గురించి రాశారు. అక్కడి ఆడవారు గోరింటాకు నల్లగా పండాలని దాన్ని కలిపేవారు. అది మింగితే గొంతు వాచి ఊపిరి ఆగుతుంది, మూత్రపిండాలు దెబ్బతింటాయి. మన రాయలసీమ ఆసుపత్రులకూ ఈ బాధ కొత్త కాదు. కాబట్టి వాడగా మిగిలిన పాకెట్టును, కలిపిన గిన్నెను పిల్లలకు అందేచోట ఉంచకండి. ఆ గిన్నెను మళ్ళీ వంటింట్లోకి రానివ్వకండి.

కనుబొమలకు, కనురెప్పలకు ఈ రంగు వేయనే వేయకూడదు. 1933లో అమెరికాలో లాష్ లూర్ అనే కనురెప్పల రంగు వాడిన స్త్రీలు చూపు పోగొట్టుకున్నారు, ఒకరు ప్రాణమే పోగొట్టుకున్నారు. ఆ దేశంలో 1938 నాటి సౌందర్య సాధనాల చట్టం రావడానికి ఆ ఘోరం కూడా ఒక కారణం. మన దేశంలో కూడా తలరంగుల మీద రెండు హెచ్చరికలు ముద్రించాలని నిబంధన ఉంది. కళ్ళ మీది వెంట్రుకలకు వాడితే చూపు పోవచ్చు అన్నది ఒకటి. ముందుగా ఒంటి మీద కొంచెం రాసి పరీక్షించుకోవాలి అన్నది రెండోది. ఇంగ్లీషుతో పాటు స్థానిక భాషలో ఉండాలనే నిబంధన. చిన్న పాకెట్టు మీద ఆ అక్షరాలు చీమ తలకాయంత ఉంటాయి. నలభై దాటినవారే కదా ఆ రంగు కొనేది, కళ్ళద్దాలు లేకుండా వారు దాన్ని చదివేదెలా? కంపెనీలు బొమ్మ సైజు కాస్త తగ్గించి ఆ రెండు వాక్యాలు పెద్దవి చేస్తే వాటికి వచ్చే నష్టమేమీ లేదు. తూనికల తనిఖీకి, కల్తీ తనిఖీకి కొట్లకు వచ్చే అధికారులు తోరణంలా వేలాడే ఈ పాకెట్ల వైపు కూడా ఒకసారి చూస్తే బాగుంటుంది. పేరూ ఊరూ లేని పొడులు వాటి మధ్యే ఉంటాయి.

ఆ పరీక్ష చేసుకోవడం కష్టమేమీ కాదు. చెవి వెనక గానీ, మోచేతి మడతలో గానీ రూపాయి బిళ్ళంత మేర రాసి, ఒక రోజు, వీలైతే రెండు రోజులు చూడాలి. ప్రతిసారీ చూడాలి, పోయినసారి ఏమీ కాలేదు కదా అని ఊరుకోకూడదు. అంటే పెళ్ళి శుక్రవారమైతే ఆ వారం మొదట్లో పాకెట్టు కొనేవారికి ఇక సమయం లేనట్టే. పది రోజుల ముందే అనుకోవాలి, లేదా ఆ పెళ్ళికి ఉన్న తలతోనే వెళ్ళాలి.

మా ఆపా జుట్టు నాలుగు నెలల్లో మూడుసార్లు కొసలు కత్తిరించింది. జడ భుజం దాకా వచ్చి ఆగింది. వైద్యుడు ఇక ఏ నల్లరంగూ జన్మలో ముట్టవద్దన్నాడు. పాపిటకు అటూ ఇటూ రెండు వేళ్ళ మేర తెల్లటి దారి పడింది. మొన్న పెరట్లో గోరింట కొమ్మలు విరుస్తూ కనిపించింది. తలకా అని అడిగాం. రోట్లో ఆకు వేస్తూ, "ముందు ఇక్కడికి" అని మోచేతి మడత చూపించింది. "ఎల్లుండి అడుగు, చెబుతా."